మేత బీడు ఆరోగ్యం: కంటి అంచనా పక్కన టేపు కొలత ఎలా పెట్టాలి

ఆశ్వయుజంలో కొండవాలు చూసి "మేత బాగుంది" అంటాం. చైత్రంలో అదే వాలు చూసి "బీడు చచ్చిపోయింది" అంటాం. ఈ రెండు మాటల్లో ఏది నిజమో తేలకుండానే ఉపాధి హామీలో కందకాలు తవ్వేస్తారు, మొక్కలు నాటేస్తారు, ఒక్కోసారి మందలు రాకుండా కంచె కూడా వేసేస్తారు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో మేత పోరంబోకు ఏటేటా తగ్గిపోతోంది. మిగిలిన దాని గురించైనా గట్టి ఆధారంతో మాట్లాడాలి కదా. కంటితో చూసి చెప్పే అంచనా, టేపుతో తీసే కొలత ఒకే కాగితం మీద పక్కపక్కన ఉంటే ఆ ఆధారం దొరుకుతుంది. వాటర్‌షెడ్ సిబ్బంది, వన సంరక్షణ సమితి సభ్యులు, పశువైద్య సహాయకులు, వ్యవసాయ కళాశాల విద్యార్థులు, మందలున్న కుటుంబాల్లో చదువుకున్న పిల్లలు ఎవరైనా చేయగలిగేలా రాస్తున్నాను.

ఈ పద్ధతి ఎక్కడిది

మేత భూమి ఆరోగ్యాన్ని 17 సూచికలతో చూసే పద్ధతిని అమెరికాలో ప్రభుత్వ భూములు చూసే సంస్థలు, నేల సంరక్షణ శాఖ కలిసి తయారుచేశాయి. దాని ఐదో కూర్పు 2020లో వచ్చింది. సన్నటి నీటి చాళ్ళు, నీరు పారిన దారులు, వేళ్ళు బయటపడ్డ దుబ్బులు, బోడి నేల, గండ్లు, గాలికి మట్టి లేచిపోవడం, ఎండుటాకు కొట్టుకుపోవడం, పైమట్టి గట్టిదనం, పైమట్టి నష్టం, నేల బిగుసుకుపోవడం, మొక్కల వర్గాలు, చచ్చిపోతున్న మొక్కలు, ఏటి దిగుబడి, దండెత్తే మొక్కలు వంటివన్నీ ఆ పదిహేడులోకి వస్తాయి. ఒక్కోదానికి, ఆ చోటు ఉండాల్సిన తీరు నుంచి ఎంత దూరం జరిగిందో ఐదు మెట్లలో మార్కు వేస్తారు. చివరికి మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. నేల నిలబడుతోందా? నీరు ఇంకుతోందా? మొక్కలు, జీవాల అల్లిక సరిగా ఉందా?

అక్కడి నేలలు వేరు, వానలు వేరు, గడ్డి వేరు. మనకు ఏటా వెయ్యి మిల్లీమీటర్లు దాటే వాన, ఎర్ర గరప నేలలు, తుపాన్లు. అందుకే సూచికలను అక్కణ్ణుంచి తీసుకున్నా, "బాగున్న బీడు ఎలా ఉండాలి" అన్న కొలబద్ద మాత్రం మన ఊళ్ళోనే తయారు కావాలి.

పదిహేడు మార్కుల కంటి అంచనా అంటే ఒక రోజు తీసిన ఫొటో. ఐదేళ్ళలో బీడు మెరుగైందా, పాడైందా అని చెప్పడానికి అదొక్కటే చాలదు. మార్కు వేసిన మనిషి మారితే మార్కూ మారుతుంది. ఏటేటా మార్పు చెప్పాలంటే కొలతలు కావాలి. ఇక కొలతలొక్కటే ఉంటే, ఆ మార్పు ఎందుకొచ్చిందో తెలియదు.

ముందుగా: కొలబద్ద చోటు వెతకడం

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడే పెట్టాలి. మీరు పరీక్షించే బీడు లాంటి నేల, అలాంటి వాలు, అదే వానలు ఉండి, మేత ఒత్తిడి తక్కువున్న చోటు ఒకటి కావాలి. గుడి ఉన్న కొండ వెనక వైపు, పాత శ్మశానం, ప్రహరీ ఉన్న స్కూలు ఆవరణ, మందలు అరుదుగా ఎక్కే కొండ భుజం, ఇలా ఏ ఊళ్ళోనైనా ఒకటో రెండో దొరుకుతాయి. రెండు చోట్లు దొరికితే మరీ మంచిది. ఒక్క చోటునే ఆదర్శంగా పెట్టుకుంటే దానికున్న ప్రత్యేకతలు కూడా కొలబద్దలో కలిసిపోతాయి.

ఒక జాగ్రత్త ఉంది. కంచె ఉన్నంత మాత్రాన అది ఆరోగ్యమైన బీడు అయిపోదు. లంటానా, క్రోమోలీనా లాంటి కలుపు పొదలు దట్టంగా పట్టిన చోట పశువు అడుగు పెట్టదు కాబట్టి అక్కడ మేత ఒత్తిడి లేదు, గడ్డీ లేదు. అలాంటిది కొలబద్దకు పనికిరాదు.

తర్వాత పెద్దవాళ్ళను అడగాలి. మందతో నలభై ఏళ్ళు తిరిగిన తాతలను "తాతా, ఈ కొండ మీద గొడ్లు ఇష్టంగా తినే గడ్డి ఏది, అది ఇప్పుడెక్కడ ఉంది?" అని అడిగితే చాలు, మనకు ఏ పుస్తకంలోనూ దొరకని జాబితా వస్తుంది. ఏ గడ్డి లేతగున్నప్పుడే గొర్రె ముట్టుకుంటుంది, ఏది ఎండాక కూడా ఆవు తింటుంది, ఏ గెడ్డ (వాగు) పక్కన ఏ దుబ్బు మాయమైంది అన్నీ చెప్తారు. పేర్లు వాళ్ళు చెప్పినట్టే రాసుకోండి. తర్వాత పూత ఉన్న కొమ్మను కాగితాల మధ్య ఎండబెట్టి, వృక్షశాస్త్రం తెలిసిన వాళ్ళకు చూపించి శాస్త్రీయ నామం రాయించుకోవచ్చు. పక్క మండలంలో అదే పేరుతో ఇంకో గడ్డిని పిలుస్తుంటారు కాబట్టి ఈ పని తప్పనిసరి.

చోటు చరిత్ర కూడా అదే కాగితంలో ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తీరం దాటాయి. తిత్లీకి ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలు కూలిపోయాయి. అలాంటి తుపాను తర్వాత కొండవాలు మీద కనిపించే కొత్త గండిని మందల ఖాతాలో వేయడం అన్యాయం. మంటలు ఎప్పుడు పెట్టారు, పోడు ఎప్పుడు ఆపారు, కందకాలు ఎప్పుడు తవ్వారు, అన్నీ రాయండి. పాత రికార్డులు వెతికేటప్పుడు 2022 ఏప్రిల్ 4 నాటి జిల్లాల మార్పు గుర్తుంచుకోండి. పాలకొండ, సీతంపేట వైపు కాగితాలు పాత శ్రీకాకుళం పేరుతో ఉంటాయి. రాజాం ఇప్పుడు విజయనగరంలో ఉన్నా పాత లెక్కలు శ్రీకాకుళంవే.

ఎప్పుడు వెళ్ళాలి, ఏం పట్టుకెళ్ళాలి

గడ్డి వెన్ను తీసి ఇంకా ఎండిపోని రోజులు మంచివి, అంటే ఇక్కడ సుమారు సెప్టెంబరు చివరి నుంచి నవంబరు మొదటి వారాల దాకా. వెన్ను ఉంటేనే గడ్డి జాతి గుర్తుపట్టగలం. ఏ వారం ఎంచుకున్నా ఏటా అదే వారానికి దగ్గరగా వెళ్ళాలి. వీలైతే ఏప్రిల్‌లో ఒక్క బోడి నేల కొలత మాత్రం మళ్ళీ తీయండి. తొలకరి జల్లు పడే నాటికి నేల ఎంత కప్పుతో ఉందన్నది అప్పుడే తెలుస్తుంది.

సామాను పెద్దగా లేదు. 30 మీటర్ల టేపు, సన్నటి ఇనుప చువ్వ, మీటరు భుజం ఉన్న పీవీసీ పైపు చట్రం, కొడవలి, వంటింటి డిజిటల్ కాటా, కాగితం సంచులు, టీ వడకట్టే చిన్న జల్లెడలు, ఇన్వర్టర్‌లో పోసే డిస్టిల్డ్ వాటర్ సీసా, 15 సెంటీమీటర్ల వ్యాసమున్న రేకు గొట్టం, ఫోను. మూడు వేలు కూడా కావు.

కంటి అంచనా ముందు, టేపు తర్వాత

ఇద్దరు మనుషులు కావాలి. ఎకరం మేర చోటు చుట్టూ, అడ్డంగా తిరిగి, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా విడివిడిగా మార్కులు వేయాలి. బోడి నేల ఎంత శాతం ఉండొచ్చో అంకె కూడా రాయాలి. పెన్నుతో రాయండి, దిద్దకండి. ముందే టేపు వేస్తే కన్ను టేపు చెప్పిన దానివైపు ఒరిగిపోతుంది. అప్పుడు రెండు ఆధారాలు ఉన్నట్టు కనిపిస్తాయి గానీ నిజానికి ఉన్నది ఒక్కటే.

చూసేటప్పుడు కూర్చుని చూడాలి. నిలబడి చూస్తే ఆకులే కనిపిస్తాయి. ఒక గడ్డి దుబ్బు పక్కన గొంతు కూర్చుని మొదలు దగ్గర చూడండి. దుబ్బు చుట్టూ మట్టి దిగిపోయి, వేళ్ళు రెండు మూడు సెంటీమీటర్లు గాల్లో ఉంటే, అక్కడ పైమట్టి ఆ మేరకు పోయింది. అదే దుబ్బు పైవైపున ఎండు పీచు, ఇసుక అడ్డంగా పేరుకుని ఉంటే నీరు ఆ దారిన జోరుగా పారిందన్నమాట. వేళ్ళు బయటపడిన చోట పాత వేరే ఉందా, కొత్త లేత వేరు దిగుతోందా చూడండి. కొత్త వేరు దిగుతుంటే కోత నెమ్మదించిందని అనుకోవచ్చు.

గీత మీద చుక్కలు

ఇప్పుడు టేపు. 25 మీటర్ల గీతలు మూడు వేయండి. గీత మొదలయ్యే చోటు, దిక్కు మీ ఇష్టప్రకారం ఎంచకండి, ఫోనులో యాదృచ్ఛిక అంకెలు తీసి ఎంచండి. చెరువు గట్టు, మంద కట్టే చోటు, దారి, వీటి దగ్గర పశువు తొక్కిడి ఎప్పుడూ ఎక్కువే. వాటిని విడి చోటుగా లెక్కించాలి గానీ బీడు మొత్తానికి కలపకూడదు.

ప్రతి 50 సెంటీమీటర్లకు చువ్వను నిలువుగా దించండి. ముందు ఏది తగిలింది, కింద ఏది తగిలింది, అడుగున ఏముంది, వరుసగా రాయాలి. ఆకు తగిలి తర్వాత మట్టి తగిలితే అది బోడి నేల కాదు, దానికి ఆకు కప్పు ఉంది. పైన ఏమీ లేకుండా, ఎండుటాకు కూడా లేకుండా, నేరుగా మట్టికే తగిలితే అది బోడి నేల. 5 మిల్లీమీటర్లకు మించిన రాయి తగిలితే రాయి అని రాయాలి, మట్టి అని కాదు. మన గరప నేలల్లో ఈ నియమం చాలా ముఖ్యం.

మెంటాడ, గజపతినగరం వైపు ఉండే లాంటి ఒక కొండవాలును ఊహించి లెక్క చేద్దాం. మూడు గీతల్లో మొత్తం 150 చుక్కలు. మొక్క తగిలినవి 63, ఎండుటాకు మాత్రమే 21, రాయి 27, బోడి మట్టి 39 అనుకోండి. శాతాల్లో 42, 14, 18, 26. కంటి అంచనా మాత్రం "సగం బోడి" అని ఉంది. ఎక్కడ తేడా వచ్చింది? ఎర్ర గరప రాళ్ళను కన్ను బోడి నేలగా లెక్కేసింది. వాన చినుకు పడ్డప్పుడు ఆ రాళ్ళు కింది మట్టిని కాపాడతాయి, కాబట్టి ఇక్కడ టేపు మాటే వినాలి.

అక్కడితో ఆగకండి. ఆ 63ను విడదీయండి. గరిక 24, వెంపలి 15, ఏడాది మొక్కలు 18, బహువార్షిక దుబ్బు గడ్డి 6. కొలబద్ద చోట దుబ్బు గడ్డి 30 శాతం ఉంటే ఇక్కడ 4 శాతమే. కప్పు అంకె చూస్తే బీడు బతికే ఉందనిపిస్తుంది. కన్ను మాత్రం "మేలు రకం గడ్డి పోయింది, పశువు ముట్టని వెంపలి పెరిగింది" అని ముందే చెప్పింది. ఇక్కడ కంటి మాట వినాలి. మొత్తం కప్పు శాతం ఒక్కటే రిపోర్టులో రాసి సంతకం పెట్టేవాళ్ళంటే నాకు కోపం. ఆ అంకె అబద్ధం కాదు, కానీ దాన్ని నమ్మి మందలు పెంచుకున్న కుటుంబం నష్టపోతుంది.

ఇంకో మాట. 150 చుక్కల్లో 26 శాతం అంటే, అసలు విలువ సుమారు 19 నుంచి 33 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. చుక్కలన్నీ మూడు గీతల మీదే ఉన్నాయి కాబట్టి నిజానికి ఆ వెడల్పు ఇంకాస్త ఎక్కువే. వచ్చే ఏడాది 22 వస్తే "బోడి నేల తగ్గింది" అని పండగ చేసుకోకూడదు. చిన్న మార్పు పట్టాలంటే గీతలు పెంచాలి. 300 చుక్కలకు ఆ వెడల్పు రెండు వైపులా 5 శాతానికి వస్తుంది.

ఖాళీలు

టేపు అలాగే ఉంచి, మొక్కకూ మొక్కకూ మధ్య 20 సెంటీమీటర్లు దాటిన ప్రతి ఖాళీ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో రాయండి. ఒకే శాతం బోడి నేల చిన్న చిన్న ముక్కలుగా ఉంటే నీరు ఆగి ఇంకుతుంది. అదంతా రెండు మీటర్ల పట్టీలుగా ఉంటే నీరు పరుగెత్తి చాళ్ళు కోస్తుంది. 25 మీటర్ల గీతలో మీటరు దాటిన ఖాళీలు 120, 230, 150 సెంటీమీటర్లు ఉంటే మొత్తం 500, అంటే 20 శాతం. కంటి కాగితంలో "నీరు పారిన దారులు" అన్న మార్కు పక్కన ఈ అంకె రాయండి.

మట్టి గడ్డ నీళ్ళ పరీక్ష

అన్ని పరీక్షల్లో నాకు ఇది ఎక్కువ ఇష్టం. చిన్నపిల్లలు కూడా చేయగలరు, ఫలితం కళ్ళ ముందే కనిపిస్తుంది. పైపొర నుంచి 6 మిల్లీమీటర్ల, అంటే శనగ గింజంత, మట్టి గడ్డలు 18 తీయాలి. సగం దుబ్బుల కింద నుంచి, సగం ఖాళీల నుంచి. తడిగా ఉంటే పూర్తిగా ఆరనివ్వాలి, తడి గడ్డతో చేస్తే ఫలితం తప్పుతుంది. ఒక్కో గడ్డను చిన్న జల్లెడలో పెట్టి డిస్టిల్డ్ వాటర్‌లో దించండి. మన బోరు నీళ్ళలో చాలా చోట్ల ఉప్పదనం ఉంటుంది, అది మట్టి తీరునే మార్చేస్తుంది కాబట్టి వాడకండి.

5 సెకన్లలోపే సగానికి పైగా కరిగిపోతే 1 మార్కు. 5 నుంచి 30 సెకన్లలో అయితే 2. అరనిమిషం నుంచి 5 నిమిషాల మధ్య అయితే 3. 5 నిమిషాలు గడిచాక జల్లెడను నీళ్ళలో నుంచి ఐదుసార్లు పైకి కిందికి ఆడించండి. పదో వంతు కూడా మిగలకపోతే అదీ 3 కిందికే. పదో వంతు నుంచి పావు దాకా మిగిలితే 4, పావు నుంచి ముప్పావు దాకా 5, అంతకు మించితే 6. సగటు ఒక్కటే రాయకండి, దుబ్బు కింద ఎంత, ఖాళీలో ఎంత అని విడిగా రాయాలి. దుబ్బు కింద 5, ఖాళీలో 2 వచ్చిందంటే నేలను పట్టుకున్నది ఆ దుబ్బులే. అవి పోతే వాటితోపాటే పైమట్టీ పోతుంది.

నీరు ఇంకే వేగానికి రేకు గొట్టం. దాన్ని నాలుగైదు సెంటీమీటర్లు నేలలోకి దించి 444 మి.లీ. నీళ్ళు పోస్తే సుమారు ఒక అంగుళం వాన పడినట్టు. మొదటిసారి ఇంకాక రెండోసారి పోసి, అప్పుడు గడియారం చూడండి. మంద కట్టిన చోట, కొండవాలు మీద రెండింటా చేస్తే తొక్కిడి వల్ల నేల ఎంత బిగుసుకుందో తెలిసిపోతుంది.

గడ్డి కోసి తూచడం

వానలు మొదలయ్యేటప్పుడే, జూన్‌లో, నాలుగైదు చోట్ల రేగు కంపతో చిన్న దడి కట్టి పశువు ముట్టకుండా ఉంచాలి. లేకపోతే మనం తూచేది మేయగా మిగిలినదాన్నే. పెరుగుదల ఆగాక చట్రం పెట్టి మొదట్లోకి కోసి, పశువు తినేది, తిననిది వేరు చేసి, ఆరబెట్టి తూచండి. చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో దాన్ని 4తో గుణిస్తే ఎకరాకు సుమారు ఎన్ని కిలోలో వస్తుంది.

తినే గడ్డి సగటున 110 గ్రాములు వచ్చిందనుకుందాం. ఎకరాకు 440 కిలోలు. అందులో సగం నేలకే వదలాలి, అదే వచ్చే ఏటి వేరు, విత్తనం, నేల కప్పు. మిగిలిన 220 కిలోలు, రోజుకు సుమారు 6 కిలోల ఎండు మేత తినే చిన్న నాటు ఆవుకు 36 రోజులు సరిపోతాయి. 20 ఎకరాల బీడైతే 20 ఆవులకు ఆ 36 రోజులే. వానలు తక్కువున్న ఏడు ఈ లెక్క ఇంకా పడిపోతుంది కాబట్టి మండల వర్షపాతం పక్కనే రాయడం మరిచిపోవద్దు.

రెండు కాగితాలు ఒక్కటి చేయడం

ఇప్పుడు ఒక పట్టిక గీయండి. ఎడమ వైపు సూచిక, తర్వాత ఇద్దరి కంటి మార్కులు, తర్వాత కొలబద్ద చోటి అంకె, ఇక్కడి అంకె, చివర ఒక గడి ఖాళీగా. కన్ను, టేపు ఒకే మాట చెప్పిన వరుసల మీద టైమ్ పెట్టక్కర్లేదు. పడని వరుసల దగ్గరికి మళ్ళీ వెళ్ళి, అదే చోట నిలబడి, కారణం వెతికి ఖాళీ గడిలో రాయాలి. కంటి మార్కు మార్చాలనిపిస్తే పాతది కొట్టేయకుండా పక్కన కొత్తది రాసి, ఎందుకు మార్చారో ఒక వాక్యం రాయండి. ఈ గడి నింపడమే అసలు పని. అంకెలు సేకరించి ఆ గడి ఖాళీగా వదిలేసిన రిపోర్టులు ఎవరికీ ఉపయోగపడవు.

అన్ని సూచికలకూ కొలత దొరకదు. సన్న చాళ్ళు, గండ్లు, దుబ్బుల వేళ్ళు బయటపడటం, వీటిని కంటితో, ఫొటోతో, లెక్కతోనే చూడాలి. గండి తల దగ్గర ఒక మేకు పాతి, వచ్చే ఏడాది గండి ఎంత వెనక్కి తిన్నదో కొలవొచ్చు. వయ్యారిభామ, సర్కారు తుమ్మ, లంటానా కొత్తగా అడుగుపెట్టే దశలో చుక్కల గీతకు దొరకవు. 150 చుక్కల్లో ఒక్కటి కూడా తగలకపోయినా గుత్తులు గుత్తులుగా ఉండొచ్చు. అందుకే టేపుకు రెండు వైపులా మీటరు చొప్పున పట్టీ తీసుకుని, అందులో ఆ మొక్కలను ఒక్కొక్కటిగా లెక్కించండి. ఐదారు మొక్కలున్నప్పుడే పీకేస్తే ఒక పూట పని, వదిలేస్తే పదేళ్ళ పని.

మూడు ప్రశ్నలకు జవాబు రాసేటప్పుడు మార్కుల సగటు తీయకండి. పదిహేడులో పన్నెండు బాగుండి, నేలకు సంబంధించిన మూడు తీవ్రంగా ఉంటే, నేల విషయంలో ఆ బీడు తీవ్ర స్థితిలో ఉన్నట్టే. ఏ ఆధారాలు ఎక్కువ బలంగా ఉన్నాయో చూసి నిర్ణయించి, ఆ ఆధారాలేమిటో రాయాలి. పైన ఊహించిన కొండవాలుకైతే ఉండాల్సిన తీరు నుంచి నేల ఓ మోస్తరుగా, నీరు ఓ మోస్తరుగా, మొక్కల అల్లిక తీవ్రంగా దూరం జరిగాయి అని రాస్తాను. దానికి తగ్గ పని కందకాలు కాదు. వానల మొదటి రెండు నెలలు దుబ్బు గడ్డికి విశ్రాంతి, పూత రాకముందే వెంపలి పీకడం, ఖాళీ పట్టీల్లో గింజ చల్లడం. ఏ చోట ఎప్పుడు ఆపాలన్నది మందలున్న వాళ్ళతో కూర్చునే తేల్చాలి. ఆ రెండు నెలలు పశువులు ఎక్కడ మేయాలో చెప్పకుండా బీడు మూసేయడం ఏ కాగితంతోనూ సమర్థించుకోలేం.

గీతల రెండు కొసల్లో ఇనుప మేకులు పాతి, ఫోనులో లొకేషను సేవ్ చేసి, ప్రతి గీత మొదట్లో నిలబడి అదే దిక్కుకు ఒక ఫొటో తీయండి. కాగితాలకు మూడు కాపీలు ఉండాలి. ఒకటి పంచాయతీలో, ఒకటి కొలిచిన వాళ్ళ దగ్గర, ఒకటి మంద పెద్ద దగ్గర. మళ్ళీ అదే వారంలో, అదే మేకుల మధ్య టేపు వేసేటప్పుడు వీలైతే పాత ఇద్దరిలో ఒకరైనా ఉండేలా చూడండి. కొత్తగా వచ్చిన మనిషి చేత టేపు వేయడానికి ముందే కంటి మార్కులు వేయించాలి. పాత కాగితం అప్పటిదాకా చూపించకండి.